కొబ్బరికాయ ఎవరు కొట్టాలి

ఉద్యోగంలో చేరిన మూడో నెలలోనే మా తమ్ముడి కొడుకు వాళ్ళ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ నా గ్రోత్ ఏంటి?" అని అడిగాడట. ఆ సంగతి మా ఇంట్లో చాయ్ తాగుతూ, నిన్న వాన పడింది అన్నంత మామూలుగా చెప్పాడు. నా చేతిలో కప్పు గాలిలోనే ఆగిపోయింది.

"మరి ఆయన ఏమన్నడ్రా?"

"గుడ్ క్వశ్చన్ అన్నడు పెద్దబాపు."

"తర్వాత నిన్ను గోదాంల ఏసిన్రా?"

వాడికి అర్థం కాలేదు. వాళ్ళ ఆఫీసులో గోదాం లేదు. అసలు గోడలే లేవు, అన్నీ అద్దాలేనట. వాడికీ, వాడి ఈడు వాళ్ళకూ ఆ గోదాం సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇప్పుడు నేనూ నవ్వుతూనే ఉన్నాను.

నాచారంలో వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నా సర్వీసంతా గడిచింది. వాల్వ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. నీళ్ళ పైపు మధ్యలో కూర్చుని, విప్పితే నీళ్ళు వదులుతుంది, బిగిస్తే ఆపుతుంది. భువనగిరి అవతల మా ఊరినుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకొని వచ్చి, హెల్పర్‌గా చేరి, చివరికి ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కే పెద్ద లేత్ మిషన్ మీద కుదురుకున్నాను. "కుదురుకున్నాను" అని ఎంత సులువుగా రాశాను! అలా కుదురుకోవడం వెనక ఎన్ని దసరాల తపస్సు ఉందో చెబితే గాని మీకు తెలియదు.

మా ఫ్యాక్టరీలో ఎవరికి ఏ మిషన్ అన్నది ఆయుధ పూజ నాడు తేలేది. దసరాకు ముందు రోజు మిషన్లన్నీ ఆపేసి, నూనె మరకలు తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసేవాళ్ళం. ఒక్కో మిషన్ ముందు ఒక్కరు కొబ్బరికాయ కొట్టాలి. ఎవరు కొడితే ఆ మిషన్ వాడిది. ఈ నియమం ఎక్కడా రాసి లేదు, ఎవరు పెట్టారో కూడా ఎవరికీ తెలియదు. అప్పటి వర్క్స్ మేనేజర్ సార్ హారతి పళ్ళెం వెనకాల మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మిషన్ ముందు ఎవరు నిలబడ్డారో ఒకసారి చూసి, "ఊఁ, కానియ్" అనేవాడు. ఆ "కానియ్" మాకు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌తో సమానం. ఆఫీసు వాళ్ళు దానికి తగ్గ కాగితాలు తీరిగ్గా తర్వాత తయారుచేసుకునేవాళ్ళు.

కాబట్టి మీరు కెరీర్ ప్లానింగ్ అంటున్నది మాకు దసరా నాడు ఎక్కడ నిలబడాలన్న లెక్క. దానికి ఏడాది పొడుగునా పని ఉండేది. కన్నేసిన మిషన్ దగ్గరికి ఏదో పనున్నట్టు వెళ్ళాలి. పోతూ పోతూ దాని మీద దుమ్ము తుడవాలి. ఆ మిషన్ మీదున్న పెద్దాయనకు క్యాంటీన్ నుంచి చాయ్ తెచ్చివ్వాలి. "అన్నా, మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది?" అని ప్రేమగా అడగాలి. ఆ మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు నిలబడతాయో తెలుసుకోవడమే ఆ ప్రేమలోని అసలు సంగతి. పెద్దాయనకూ అది తెలుసు, ఎందుకంటే ఆయన తన పెద్దాయన మోకాళ్ళను అలాగే పరామర్శించి వచ్చాడు. అంతా చేయాలి గాని, "ఆ మిషన్ నాకు కావాలి" అని మాత్రం నోరు తెరిచి అనకూడదు.

ఒకాయన అన్నాడు. నేను చేరిన కొత్తలో, మిల్లింగ్ మిషన్ మీద పనిచేసే ఒక చురుకైన మనిషి నేరుగా మేనేజర్ సార్ గదిలోకి వెళ్ళి, "సార్, నన్ను సూపర్‌వైజర్ చేయండి, నేను చేయగలను" అని అడిగేశాడు. సార్ ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి పంపాడు. తర్వాతి వారం ఆయన్ని గోదాంలో వేశారు, వాల్వులు డబ్బాల్లో సర్దే పనికి. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో ఆయన పేరు పోయి, "అడిగినాయన" అనే పేరు మిగిలింది. "అడిగినాయన ఇయాల రాలే", "అడిగినాయన బిడ్డ పెండ్లంట" అనేవాళ్ళం. చిన్నవాళ్ళకు బుద్ధి చెప్పాల్సి వచ్చినప్పుడు గోదాం వైపు చూపించేవాళ్ళం, అంతే, ఇంకేమీ అనక్కర్లేదు. ఆయన రెండేళ్ళలో మానేసి వేరేచోట చేరి, అక్కడ పెద్ద హోదాకు వెళ్ళి, నాగారంలో మంచి ఇల్లు కట్టుకున్నాడు. మేము మాత్రం ఆయన్ని చివరిదాకా పాపం అనే అనుకున్నాం.

ఈ కొబ్బరికాయల్లో ఆడవాళ్ళకు వాటా లేదు. వాళ్ళు ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర వరసగా కూర్చుని, తయారైన ముక్కల కొలతలు చూసేవాళ్ళు. వాళ్ళకు మిషన్ లేదు, మిషన్ లేనివాళ్ళకు కొబ్బరికాయ ఏముంటుంది? పూజ నాడు పొద్దున్నే మా అందరి కాయలకూ పీచు తీసి, పళ్ళేల్లో పేర్చి పెట్టేది వాళ్ళే. మేము వచ్చి కొట్టేవాళ్ళం.

నేను ఆ పద్ధతిలో బాగానే నెగ్గుకొచ్చాను. చిన్న లేత్, నడిమి లేత్, పెద్ద లేత్, ఎక్కడా నోరు తెరవకుండానే. అడగకుండా పైకొచ్చినవాణ్ణని నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. రిటైర్మెంటుకు ఇంకా రెండు దసరాలున్నాయనగా ఫ్యాక్టరీలోకి కంప్యూటర్ మిషన్ల లైను వస్తుందన్న కబురు తెలిసింది. దానికి ఒక లైన్ ఇన్‌ఛార్జి ఉంటాడు. పెద్ద లేత్ తర్వాతి మెట్టు అదే. అక్కడ నాకంటే సీనియర్ ఎవరూ లేరు.

దాచడమెందుకు, ఆ పోస్టు మీద నాకు చాలా ఆశ ఉండేది. రిటైరయ్యే రోజు శాలువా కప్పి మైకులో నాలుగు మాటలు చెబుతారు. అప్పుడు "లేత్ ఆపరేటర్‌గా పనిచేసిన" అంటారా, "లైన్ ఇన్‌ఛార్జిగా పనిచేసిన" అంటారా అన్నదే నా దిగులు. స్కూటర్ మీద ఇంటికెళ్తూ ఆ రెండో మాటను మైకు గొంతుతో నాలో నేనే అనుకొని చూసేవాణ్ణి. చాలా బాగుండేది.

మిల్లింగ్ మీద పనిచేసే మా దోస్తు ఒకడున్నాడు. ఎవరికీ చుట్టం కాకపోయినా ఫ్యాక్టరీ మొత్తం వాణ్ణి బావ అనేది. వాడైతే అప్పుడే ఖరారు చేసేశాడు.

"గా లైన్ నీది గాకపోతె ఇంకెవనిదన్నా? దసరాకు నువ్వే కొడుతవు కాయ. ఫికర్ జెయ్యకు."

"అట్ల అనొద్దు బావా, ఎవలకు రాసిపెట్టి ఉన్నదో" అన్నాను. మా ఫ్యాక్టరీ భాషలో దానర్థం, నాదే, ఇంకా నలుగురికి చెప్పు అని.

అయితే ఈలోపు కంపెనీ చేతులు మారింది. "కానియ్" సార్ రిటైరై వెళ్ళిపోయాడు. కొత్త సార్ పూణే నుంచి వచ్చాడు, ఆయనతోపాటు హెచ్ఆర్ మేడం వచ్చింది. అంతకుముందు మాకు హాజరు రాసుకునే టైమాఫీసు ఉండేది, అందులో ఒక గుమాస్తా ఉండేవాడు, ఆయన మాతో మాట్లాడేవాడు కాదు. ఈ మేడం అందరితో మాట్లాడేది, పైగా "అండీ" అనేది. చిన్న వయసు, కోస్తా మాట, మంచి పిల్ల. ఒకరోజు అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. మొదటి బొమ్మలో పెద్ద అక్షరాలతో "మీ కెరీర్ మీ చేతుల్లో" అని ఉంది.

"ఇకమీద ఏ పోస్టు ఖాళీ అయినా యాప్‌లో పెడతామండీ. కావాలనుకున్నవాళ్ళు అప్లై చేసుకోవాలి. సీనియరా, జూనియరా, ఏ డిపార్ట్‌మెంటు అని చూడం. అడిగినవాళ్ళనే పరిశీలిస్తాం."

"అడిగినవాళ్ళు" అన్న మాట రాగానే వెనక బెంచీల్లో నలుగురైదుగురు గోదాం వైపు చూసి కిసుక్కున నవ్వారు. మేడం తను ఏదో తమాషాగా మాట్లాడానేమో అనుకొని తనూ నవ్వింది. మేమంతా బాగా చప్పట్లు కొట్టాం. బయటికొస్తూ బావ తేల్చేశాడు.

"గిదంత పైనోళ్ళు జెప్పమంటె జెప్పుడే అన్నా. పేరు ముందుగాలనే అనుకోని ఉంటరు. మనం గిట్ల అప్లై జేసినమనుకో, మీద మీద పడుతున్నడు అంటరు."

మా అందరికీ అది చాలా తెలివైన మాటగా తోచింది. అన్నేళ్ళు అక్కడ పనిచేశాక, ఎవరైనా ఉన్నమాట చెబితే దాని వెనక ఇంకో మాట వెతకడం మాకు అలవాటైపోయింది.

ఆ తర్వాత లైన్ ఇన్‌ఛార్జి పోస్టు యాప్‌లో పెట్టారు. ఫ్యాక్టరీ గ్రూపులో మేడం మెసేజ్ పంపింది: "ఆసక్తి ఉన్నవాళ్ళు దయచేసి అప్లై చేయండి." నేను చూసి, దండం పెట్టే బొమ్మ పంపాను. నన్ను చూసి బావ పంపాడు. వాణ్ణి చూసి లేత్ సెక్షన్ మొత్తం పంపింది. మేడం మళ్ళీ గుర్తుచేసింది. మేము మళ్ళీ దండాలు పెట్టాం. పొద్దున్నే శుభోదయం మెసేజ్‌లకు ఏం పంపుతామో దీనికీ అదే పంపాం. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే దండం పెట్టి ఊరుకోవడం మర్యాద. అప్లై చేయడం వేరే సంగతి. నేను చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ లైను నాదే. నాదైనదాన్ని నేనే అడుక్కోవడమంత ఇజ్జత్ తక్కువ పని ఇంకేముంటుంది? మిగతావాళ్ళు ఎందుకు చేయలేదంటే, అది నాదని వాళ్ళకు తెలుసు. అన్నకు రావాల్సినదానికి అడ్డం పడేవాళ్ళు కారు మావాళ్ళు. నా మీద వాళ్ళకు అంత గౌరవం.

మా ఇంట్లో మాత్రం ఆ గౌరవం లేదు. సంగతి విని మా ఆవిడ చేతిలో గరిటె పట్టుకొనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"అప్లై జెయ్యుమంటున్నరు గద, జేస్తె ఏమైతది? అడిగితె నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా?"

"నీకు ఫ్యాక్టరీ సంగతి తెల్వదు."

"తెల్వకనే గదా మా సంఘంల లోన్ కావాలంటె లోన్ కావాలె అని అడుగుత. ఇస్తున్నరు."

మహిళా సంఘానికీ పరిశ్రమకూ తేడా ఉంటుందని మనసులో అనుకున్నాను.

ఇంకో రెండు రోజుల్లో గడువు ముగుస్తుందనగా, క్యాంటీన్‌లో నేను అన్నం తింటుంటే ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద పనిచేసే ఒక చెల్లె వచ్చి ఎదురుగా కూర్చుంది. కాప్రా నుంచి వచ్చేది. చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది గాని, "బాగున్నవామ్మా" అనడమే తప్ప నేను ఆమెతో కూర్చుని మాట్లాడింది లేదు. ఫోన్ నా ముందు పెట్టింది.

"అన్నా, గీ పోస్టుకు నిజంగనే ఎవలన్న అప్లై జేసుకోవచ్చునా?"

"జేసుకోవచ్చు."

"ఇన్‌స్పెక్షనోళ్ళు గూడ?"

"ఎవలొద్దన్నరమ్మా? జేస్కో జేస్కో" అన్నాను. ఆ సమయంలో నా అంత ఉదారుడు నాచారంలో ఇంకొకడు లేడు. చేతిలో ఉన్నదాన్ని ఎవరైనా వచ్చి చూసి పోతే మనకేం పోతుంది?

"నాకు ఎట్ల నింపాల్నో తెల్వదన్నా. జర సూపియ్యుండ్రి."

చెయ్యి కడుక్కొని వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకొని మరీ చూపించాను. ఎంతవరకు చదివారు అనే గడి వచ్చింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా అంది. నేను తలెత్తి చూశాను.

"డిప్లొమా ఉన్నదా నీకు? ఎన్నడు జెప్పలే?"

"ఎన్నడు ఎవలు అడగలే గదన్నా."

చేరినప్పుడు ఆడమనిషి అని టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు, కూర్చుంది. మాలాగే ఆమె కూడా అడగకుండా ఉండిపోయింది. కాకపోతే మాకు దసరాకు దసరాకు ఒక మెట్టు దొరికేది, ఆమెకు పీచు దొరికేది. ఈ మాట నాకు ఆ రోజు తట్టలేదు లెండి, తర్వాత తట్టింది. ఆ రోజు నేను పెద్దరికంలో మునిగి ఉన్నాను.

చివరి గడిలో, ఈ పోస్టు మీకెందుకు కావాలి అని ఉంది.

"'మేనేజ్‌మెంట్ వారు దయతో అవకాశం ఇచ్చినచో నా శాయశక్తులా కృషి చేస్తాను' అని రాయి" అన్నాను. "నాకు కావాలె అని రాసినవనుకో, పొగరనుకుంటరు."

"కూసోని కూసోని నడుము పట్టుకపోయింది అన్నా. నిలవడే పని కావాలె నాకు. గా లైన్ పని నాకు వస్తది" అంటూ, నేను చెప్పిన మర్యాదంతా పక్కనపెట్టి తనే రాసేసింది. "ఈ పని నాకు కావాలి. నాతో అవుతుంది." అంతే. చదివి నాకు జాలేసింది. పాపం, అడిగినాయన చెల్లెలు తయారైంది అనుకున్నాను. కింద ఉన్న పచ్చ గుండీ నొక్కినా కదలడం లేదంటే, ఫోన్ తీసుకొని నేనే నొక్కాను. అప్లికేషన్ వెళ్ళిపోయింది.

ఫలితం చెప్పే రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పొద్దున్నే ఉప్పల్‌లో ఆగి దూద్‌పేడా డబ్బా పెద్దది కొని స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాను. ముందే కొంటే బాగుండదని మా ఆవిడ అంది. మన అన్నదమ్ములకు నోరు తీపి చేయకపోతే ఏం బాగుంటుందని నేనన్నాను. టీ టైములో అందరినీ షెడ్డులో నిలబెట్టారు. బావ నన్ను ముందు వరసలోకి నెట్టాడు. కొత్త సార్ ఇంగ్లీషులో కొంచెం మాట్లాడాక మేడం మైకు అందుకొని ఆ చెల్లె పేరు చదివింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నా మొహం వైపు చూశారు. చప్పట్లు కొట్టాలా వద్దా అన్నది కూడా నన్ను చూసి తేల్చుకోవాలనుకున్నారు, వాళ్ళకు నేనంటే అంత మర్యాద. కాబట్టి మొదటి చప్పట్లు నేనే కొట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత షెడ్డు మారుమోగింది.

అంతటితో అయితే బాగుండేది. నా స్కూటర్ డిక్కీ సంగతి బావకు తెలుసు. నన్ను ఆ చిక్కులోంచి గట్టెక్కిద్దామనో ఏమో, పరుగెత్తుకెళ్ళి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతమంది ముందు చేతిలో మిఠాయి డబ్బా పట్టుకొని నిలబడ్డవాడు ఇంకేం చేస్తాడు? పంచాను. మొదటి ముక్క ఆ చెల్లెకే పెట్టాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరే నింపిచ్చిన్రు, మీరే మిఠాయి తెచ్చిన్రు. మా సొంత అన్న గూడ గింత జెయ్యడు" అంది.

"ఎంత పెద్ద మనసండీ!" అంది మేడం.

టీ అయ్యాక మేడం గదికి వెళ్ళాను. వెళ్ళాక, ఏమడగాలో తెలియలేదు. నన్నెందుకు చేయలేదు అంటే అది అడగడం అవుతుంది. చివరికి, "మేడం, ఇంకెవ్వలు రాలేదా పోటీకి?" అన్నాను.

"లేదండీ, ఒక్కటే అప్లికేషన్ వచ్చింది! ముందు మేమూ ఆశ్చర్యపోయాం. మీకు వస్తుందేమో అనుకున్నాను నేనైతే. మీరు అప్లై చేయలేదు, రిటైర్మెంట్ దగ్గరపడింది కదా, ప్రశాంతంగా ఉందామనుకుంటున్నారేమోనన్నారు సార్. ఆవిడ ఇంటర్వ్యూ బాగా చేసింది. తర్వాత తెలిసింది, అప్లికేషన్ పెట్టించిందే మీరని. మీరందరూ ఆవిడ కోసమే తప్పుకున్నారు కదూ? ఇలాంటి టీం నేను ఎక్కడా చూడలేదండీ."

నేను దండం పెట్టి బయటికొచ్చాను. ఈసారి బొమ్మ కాదు, నిజం చేతులతోనే.

మరుసటి వారం నోటీసు బోర్డు మీద నా ఫోటో పెట్టారు. కింద "ఈ నెల మెంటర్" అని రాశారు. అంటే ఏమిటని బావ అడిగితే, ఇంకొకరిని పైకెక్కించి కింద నిలబడినవాడు అని చెప్పాను. "అబ్బా, మంచిగనే పెట్టిన్రు పేరు" అన్నాడు వాడు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను గాని, మిఠాయి పంచిన రోజు సాయంత్రం నాకు నవ్వు రాలేదు. ఉప్పల్ నుంచి మా పీర్జాదిగూడ వైపు రోడ్డు మధ్యలో ఫ్లైఓవర్ స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మీద రోడ్డు వేయాల్సినవాళ్ళు ఎప్పుడో వేస్తామని వెళ్ళిపోయారు. అవి మాత్రం కదలకుండా, ఎవరినీ ఏమీ అనకుండా నిలబడి ఉన్నాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కొని వాటిని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది. ఆమె మీద కోపం వచ్చింది, అది నిజం. తర్వాత మేడం మీద, "కానియ్" సార్ మీద వచ్చింది. ఇంటికి చేరేసరికి అది తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. అడగనివాడే మంచివాడని ఆ ఫ్యాక్టరీయే నాకు నేర్పింది. అదే ఫ్యాక్టరీ ఇప్పుడు, అడగలేదు కాబట్టి నీకు అక్కర్లేదనుకున్నాం అంటోంది. మధ్యలో పాఠం మార్చిన సంగతి క్యాంటీన్ గోడ మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. నేను చప్పట్లు కొట్టాను.

మా ఆవిడ మిగిలిన దూద్‌పేడాలు ఫ్రిజ్‌లో పెట్టింది.

ఆ తర్వాత మావాళ్ళకు యాప్ అంటే భయం పోయింది. అది పోవడం కూడా పోవాల్సినదానికంటే ఎక్కువ పోయింది. ఎక్కడ ఏ పోస్టు పెట్టినా అందరూ అన్నిటికీ అప్లై చేయడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో వంటమనిషి కావాలంటే లేత్ సెక్షన్ మొత్తం చేసింది. బావ వర్క్స్ మేనేజర్ పోస్టుకు అప్లై చేశాడు, ఆ పోస్టు ఖాళీగా కూడా లేదు. మేడం తల పట్టుకొని, "ఆసక్తి ఉన్నవాళ్ళు మాత్రమే దయచేసి" అని మెసేజ్ పెట్టింది. అందరూ దండం బొమ్మ పంపారు.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు కొత్త లైను మీద బంతిపూలు కట్టారు. పాత మిషన్ల ముందు పాతవాళ్ళు నిలబడ్డారు. నేను నా లేత్ ముందు కొట్టాల్సిన కాయ కొట్టేశాను. కొత్త లైను ముందు కాయ ఎవరు కొడతారా అని షెడ్డంతా చూస్తోంది. మా ఫ్యాక్టరీలో ఆడమనిషి మిషన్ ముందు కొబ్బరికాయ కొట్టింది లేదు. కొడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఏమీ కాదని అనడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. మేడం చీర కట్టుకొని వచ్చి హారతి పళ్ళెం పట్టుకొని నిలబడింది.

అప్పుడు ఆ చెల్లె లైను దగ్గరినుంచి కాయ పట్టుకొని నేరుగా నా దగ్గరికి వచ్చింది. కాయ నా వైపు చాచి, "అన్నా, జర…" అంది.

నాకు అంతా అర్థమైపోయింది. పెద్దవాడివి, నువ్వే కొట్టమంటోంది. నా గుండె నిండిపోయింది. తీసుకుంటే పాత లెక్క ప్రకారం ఆ లైను నాది, షెడ్డు మొత్తం సాక్ష్యం. కాని నేను అంత చిన్నవాణ్ణి కానని చూపించే అవకాశం మళ్ళీ రాదు. గొంతు సవరించుకున్నాను.

"వద్దమ్మా. గది నీ లైను. నువ్వు అడిగి తెచ్చుకున్నవు. మేము ఇన్నేండ్లు ఎవలన్న కానియ్ అంటరేమో అని నిలవడ్డం. నీ కాయ నువ్వే కొట్టాలె. నేను పెద్దోనిగ ముంగట నిలవడి సూస్త, గదే నాకు సంతోషం."

ఇంకా కొంచెం చెప్పాను, ఇప్పుడు గుర్తులేదు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. మేడం ఫోన్‌తో వీడియో తీస్తోంది. ఆ చెల్లె నా మాటలన్నీ అయ్యేదాకా ఓపికగా ఆగింది.

"నేనే కొడుత అన్నా" అంది మెల్లగా. "పొద్దుగాల సంది లైన్ కాడనే ఉన్న, దీనికి టైం దొరకలే. జర పీచు తీసియ్యుండ్రి."

ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర ఒకామె ఫక్కున నవ్వింది, తనే జరిగి నాకు చోటిచ్చింది. వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. అన్ని దసరాలు కాయలు కొట్టాను గాని, పీచు ఎటునుంచి మొదలుపెట్టాలో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. వేళ్ళతో లాగితే రాలేదు. బల్ల అంచుకు పెట్టి రాస్తే కొంత వచ్చింది. గోరు విరిగింది. మొత్తానికి చెమటలు కక్కుతూ, కాయను బోడిగుండులా నున్నగా చేసి తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిలక ఉంచాలె గదన్నా దేవుని కాయకు."

నిజమే, పళ్ళెంలో పేర్చిన కాయలన్నిటికీ పిలక ఉండేది. కొట్టేముందు దాన్ని తీసి పక్కన పడేసేది నేనే. అయినా అది ఒకరు చూసుకొని ఉంచితేనే ఉంటుందని నాకు ఎన్నడూ తోచలేదు.

"ఏం గాదు, ఇంగో కాయున్నది" అని ఇంకొకటి నా చేతిలో పెట్టింది.

తీసుకొని బల్ల దగ్గరికి వెళ్ళబోయి ఆగాను. వెనక్కి తిరిగి, అందరూ వింటుండగానే, "ఎంత ఉంచాల్నమ్మా?" అన్నాను. నా సర్వీసు మొత్తంలో ఆ షెడ్డులో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"గింత" అని వేలు పెట్టి చూపించింది. అంతే ఉంచాను.